సంధ్యారాణికి ఎవరు ఎదురు రావాలి

మా గల్లీలో పొద్దున్న ఏడయ్యేసరికి రాత్రి షిఫ్టు మగవాళ్ళు కళ్ళు నలుపుకుంటూ ఇళ్ళకు వస్తుంటారు, పగటి షిఫ్టు మగవాళ్ళు టిఫిన్ డబ్బాలు పట్టుకొని సాంచాలకు బయల్దేరుతుంటారు. సాంచా అంటే మరమగ్గం. సూరత్‌కు వచ్చి రెండు తరాలైనా మావాళ్ళు ఆ మాట మానలేదు. ఇంకొకటి కూడా మానలేదు. బయల్దేరే ప్రతివాడూ గడప దాటేముందు గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకసారి చూసుకుంటాడు. బండ్లు వస్తున్నాయేమోనని కాదు, ఎవరు ఎదురొస్తున్నారోనని.

నిండు బిందెతో ముత్తైదువ వస్తే ఆ రోజు మగ్గం మీద పోగు తెగదు. ఒంటి బ్రాహ్మడు ఎదురు రాకూడదంటారు గానీ, లింబాయత్‌లో మా గల్లీకి జంట బ్రాహ్మలు కూడా దొరకరు కాబట్టి ఆ బాధ లేదు. పిల్లులున్నాయి, వాటికి ఎవరూ చెప్పలేరు. మొగుడు పోయిన ఆడది ఎదురైతే మాత్రం వెనక్కి తిరగాల్సిందే. లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కొని, కాసేపు కూర్చొని, ఇన్ని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. ఆ ఆడది చెయ్యాల్సిందేమిటంటే, అసలు ఆ వేళకు కనిపించకుండా ఉండాలి.

నా సంగతి ఎవరూ తేల్చలేదు. నేను మున్సిపాలిటీ తెలుగు మీడియం బడిలో టీచరును, పెళ్ళి చేసుకోలేదు. కన్నెపిల్ల ఎదురొస్తే మంచిదని పెద్దలు చెప్పారు గానీ, యాభై దాటిన కన్నెపిల్ల సంగతి ఏ పంచాంగంలోనూ రాయలేదు. అందుకని నన్ను మంచికీ పిలవరు, చెడుకీ తప్పుకోరు. నేను పై గదిలో ఉంటాను. కింది గదిలో సంధ్యారాణి, ఆమె అత్త నర్సవ్వ, సంధ్య కూతురు హారతి ఉంటారు.

సంధ్య ఒకప్పుడు నా దగ్గరే చదువుకుంది. పది పాసయ్యాక ఖటోదరాలో ఒక కార్ఖానాలో రెండేళ్ళు తాకా చెకింగ్ చేసింది. సాంచా మీది నుంచి దిగిన గుడ్డ చుట్టను తాకా అంటారు. దాన్ని దీపం వెలిగే బల్లమీద లాగుతూ తప్పిన పోగులు, నూనె మరకలు, చిరుగులు పట్టుకొని గుర్తు పెట్టడం ఆ పని. పెళ్ళయ్యాక మానేసింది. మొగుడు శ్యాంసుందర్ సాంచా నడిపేవాడు. సంధ్య ఇంట్లో కూర్చుని ఎంబ్రాయిడరీ చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించేది. రోజూ మూటలు వచ్చేవి, పోయేవి. మా గల్లీలో ఆడవాళ్ళంతా చేసే పనే.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు, రెండువేల ఇరవై ఒకటి ఏప్రిల్‌లో, శ్యాంసుందర్‌ను ఆటోలో దవాఖానాకు తీసుకెళ్ళారు. మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ నెలలో మా వైపు ఇలాంటి ఇళ్ళు చాలా అయ్యాయి, ఏడ్చేవాళ్ళకు ఓదార్చేవాళ్ళు చాలలేదు. ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళడానికే భయపడ్డ రోజులవి.

దినాలకు సిరిసిల్ల నుంచి రాలేకపోయిన సంధ్య అన్న నరహరి, రైళ్ళు కాస్త సర్దుకున్నాక జూలైలో వచ్చాడు. మంచివాడే. మంచివాళ్ళు ఒక్కోసారి మన బతుకును సర్దిపెట్టి చేతికిస్తారు, అది మనకు సరిపోతుందా అని అడగరు.

"చెల్లె, నువ్వు, పిల్ల మాతోటి రాండ్రి. అత్తమ్మ భీవండిల బిడ్డ దగ్గరికి పోతది. ఎవలింట్ల వాళ్ళుంటే మంచిగుంటది," అన్నాడు.

నర్సవ్వ కూతురు భీవండీలో ఉంటుంది. ఆమె ఇంట్లో ఇప్పటికే ఒక అత్త ఉంది. నర్సవ్వ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది. ఆ బియ్యంలో రాళ్ళు లేవు, రేషన్ బియ్యం కూడా కాదు. కోడలు వెళ్ళిపోతే తనకు ఎవరున్నారో ఆమెకు తెలుసు. పదకొండేళ్ళుగా ఒకే పొయ్యి దగ్గర వండుకున్న ఆడవాళ్ళు వాళ్ళు. మధ్యలో ఉన్న మగవాడు పోతే వాళ్ళిద్దరికీ చుట్టరికం లేనట్టేనని నరహరి లెక్క.

"దీపావళి దాకా ఆగు అన్నా. గప్పటిదాక నాకు పని దొరుకకపోతే వస్త. దొరికితే ముగ్గురం ఈడనే ఉంటం," అంది సంధ్య.

"దొరుకుతదా?" అన్నాడు నరహరి.

"దొరుకబట్టుకుంట."

ఆ మాట అనడం తేలికే. సంధ్య మొదటి రెండు వారాలు ఎక్కడికి పోయినా "ఏ పనైనా చేస్తాను" అని చెప్పింది. ఆల్థాన్‌లో అపార్టుమెంట్ల దగ్గర వాచ్‌మన్ గేటు తియ్యలేదు, కరోనా అన్నాడు. కతర్‌గామ్‌లో వజ్రాల కార్ఖానాలో తెలిసినవాళ్ళు చెప్తేనే తీసుకుంటామన్నారు. ఒకచోట చీపురు చేతికిచ్చి మూడు రోజులు ఊడిపించుకొని, నాలుగో రోజు అవసరం లేదన్నారు. ఒక సాయంత్రం పైకొచ్చి నా మెట్టుమీద కూలబడి, "టీచర్, ఏ పనైనా చేస్తా అంటే ఏ పనీ రానిదిలెక్క చూస్తున్నరు," అంది.

నాకు కోపమొచ్చింది. "మరి రాదా? వస్తుందిగా! కూరగాయలమ్మేది 'ఏదైనా ఉంది' అని అరుస్తుందా? వంకాయలు, బెండకాయలు అని అరుస్తుంది," అన్నాను.

ఆ మర్నాటి నుంచి తాకా చెకింగ్ తప్ప ఇంకో మాట ఎత్తలేదు. ఖటోదరాను గల్లీలుగా విడగొట్టుకుంది. ఒక రోజు ఒక గల్లీ, ఆ గల్లీలో ఒక్క తలుపు కూడా వదలకుండా. పదకొండేళ్ళ కిందట మానేసిన పని కదా, కన్ను మొండిబారిందేమోనని, పనికిరాని గ్రే గుడ్డ, అంటే రంగు వెయ్యని గుడ్డ, ముక్క ఒకటి సంపాదించి కిటికీకి కట్టుకొని పొద్దున్నే వెలుతురులో చూసుకునేది. నర్సవ్వను సేఠ్‌గా కూర్చోబెట్టి ఎదుట నిలబడి చెప్పాల్సింది చెప్పేది. నర్సవ్వకు హిందీ అంతంతమాత్రం. అయినా తల పంకించి, "జర గట్టిగ చెప్పు. గొంతుల నుంచి చెప్పు. మాస్కులకెళ్ళి ఏం ఇనవడుతలేదు," అనేది. మంచి సలహానే. అప్పట్లో సగం ఉద్యోగాలు మాస్కుల వల్ల వినబడకే పోయి ఉంటాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు వచ్చింది గడప దగ్గర.

నర్సవ్వ మొగుడు పోయి ఇరవై ఏళ్ళయింది. ఈ ఇరవై ఏళ్ళలో పని మీద పోయేవాడికి ఎవ్వడికీ ఆమె ఎదురు రాలేదు. కొడుకు షిఫ్టుకు బయల్దేరే వేళకు వంటింట్లోకి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడేది. ఇప్పుడు కోడలు పని వెతుక్కోవడానికి పోతుంటే కూడా అదే చేసింది. పైగా, పోయేది విధవ, ఇంట్లో ఉన్నది విధవ, మరి మంచి శకునం ఎక్కడి నుంచి రావాలి? అందుకని ఎదురింటి కొమురవ్వను మాట్లాడుకుంది. కొమురవ్వ మొగుడు బిక్షపతి బతికే ఉన్నాడు, పొగాకు నములుతూ రోజూ సాంచాకు పోతున్నాడు. సంధ్య బయల్దేరే వేళకు కొమురవ్వ నల్లా దగ్గర బిందె నింపుకొని ఎదురు రావాలి. అదీ ఏర్పాటు.

కొమురవ్వ నిజానికి సరదా మనిషి. "మాస్కేసుకుంటే పుస్తెలు కనవడయి, బొట్టు కనవడాలె," అని రూపాయి బిళ్ళంత కుంకుమ పెట్టుకొని వచ్చేది. బిందె అడుగున నాలుగు చెంబుల నీళ్ళే ఉన్నా పైకి నిండుగా ఉన్నట్టు వంగి నడిచేది. కానీ ఆమెకూ పనులుంటాయి. చీరలకు చమ్కీలు అతికించే పని పెట్టుకుంది. ఒకనాడు జిగురు చెయ్యి కడుక్కోవాలి, ఒకనాడు పాలు పొంగుతున్నాయి. సంధ్య చెప్పులు తొడుక్కొని గడపలో నిలబడి ఆమె కోసం చూసేది. ఎదురుగా గుమ్మంలో బిక్షపతి తన డబ్బా పట్టుకొని ఈమె లోపలికి పోవాలని చూసేవాడు. ఒకరికి శకునం రాదు, ఇంకొకరికి అపశకునం పోదు. పైనుంచి చూసే నాకు నవ్వూ వచ్చేది, ఒళ్ళు మండిపోయేది కూడా.

"సంధ్యా, నడువు, నీకేం పట్టింది?" అని ఒకరోజు పైనుంచి అరిచాను.

"అత్తమ్మ మనసు కష్టపెట్టుడు ఎందుకు టీచర్," అంది.

వినాయక చవితి వెళ్ళిన తర్వాత ఖటోదరాలో ఒక కార్ఖానా సూపర్వైజరు, కాంతిభాయ్ అనే నడివయసు మనిషి, చెకింగ్ బల్ల ఖాళీ ఉందన్నాడు. "ఎవరు పంపారు?" అని అడిగితే, "ఎవరూ పంపలేదు. రెండేళ్ళు ఈ పని చేశాను. ఒక తాకా ఇచ్చి చూడండి," అందట సంధ్య. అతనికి ఆ జవాబు నచ్చినట్టుంది, సోమవారం ఎనిమిదింటికి రమ్మన్నాడు.

ఆదివారం రాత్రి కొమురవ్వకు టీకా రెండో డోసు జ్వరం తగిలింది. సోమవారం పొద్దున్న ఆమె లేవలేదు. సంధ్య జడ వేసుకొని, మాస్కు పెట్టుకొని, గడపలో నిలబడింది. నర్సవ్వ వంటింట్లోంచే, "ఆగు బిడ్డా, వస్తది. కొత్త పని. ఒట్టిగ పోవద్దు. జరసేపు ఆగు," అంది. బిక్షపతి వెళ్ళి భార్యను లేపాడు. ఆమె లేచి కూర్చుంది, కళ్ళు తిరుగుతున్నాయని మళ్ళీ పడుకుంది. ఇంకెవరైనా దొరుకుతారేమోనని హారతిని రెండిళ్ళకు పంపారు. ఆఖరికి కొమురవ్వ దుప్పటి కప్పుకొని, చెంబు పట్టుకొని, గోడ ఆనుకుంటూ వచ్చింది. ఆ చెంబులోంచి సగం నీళ్ళు దార్లోనే ఒలికాయి. శకునం అయింది. ఏడు గంటల షేర్ ఆటోలు అన్నీ వెళ్ళిపోయాయి.

సంధ్య చేరేసరికి చెకింగ్ బల్ల దగ్గర ఇంకొకావిడ నిలబడి ఉంది. కాంతిభాయ్ కసురుకోలేదు. "తాకా ఎవరి కోసమూ ఆగదు, బెహన్," అని తన పని చూసుకున్నాడు.

ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. కింద ఏదో పడిన చప్పుడు విని దిగాను. సంధ్య పళ్ళెం విసిరింది. ఆమె ఏదైనా విసరడం నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"ఆటో ఆలిశం కాలే అత్తమ్మా. బస్సు ఆలిశం కాలే. మనింట్లనే ఆలిశమైంది," అంటోంది.

"నీ మంచికే ఆపిన బిడ్డా," అంది నర్సవ్వ.

"మంచికా? ఆయన దవాఖానకు పోయిననాడు ఎవలెదురొచ్చిన్రు? చెప్పు!"

నర్సవ్వ కింద పడిన పళ్ళెం తీసి పక్కన పెట్టింది.

"కొమురక్క వచ్చింది. నిండు బిందె తోటి. నువ్వే పిలిచినవు, నువ్వే మంచిదన్నవు. ఏమైంది? మరి నువ్వేం జేసినవు? వంటింట్ల గోడ దిక్కు తిరిగి నిలవడ్డవు. కన్నకొడుకు 'అవ్వా, పోయొస్త' అంటే బయటికి రాలే. ఆటోల కూసోని రెండుసార్లు ఎనక్కి చూసిండు ఆయన. నన్ను కాదు. నేను పక్కనే ఉన్న. నీ కోసం చూసిండు."

నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నర్సవ్వ పొయ్యి పక్కన కూర్చుంది. తలెత్తకుండానే, "చూసిండా?" అని అడిగింది.

"చూసిండు," అంది సంధ్య. ఆమెకు అప్పటికే ఏడుపు వచ్చేసింది.

తర్వాత కొన్నాళ్ళు ఆ ఇంట్లో మాటలు తగ్గాయి. పోట్లాడుకోలేదు, అన్నాలు మానలేదు, నర్సవ్వ కోడలి తలకు నూనె రాయడమూ మానలేదు. కొమురవ్వను మాత్రం మళ్ళీ పిలవలేదు. సంధ్య బయల్దేరే వేళకు తను వంటింట్లోకి పోవడం కూడా ఆగలేదు. పాత అలవాటు అంత తొందరగా వదిలిపెట్టదు.

సంధ్య చేసిన పని మాత్రం నాకిప్పటికీ గౌరవం కలిగిస్తుంది. మర్నాడే మళ్ళీ కాంతిభాయ్ దగ్గరికి వెళ్ళింది. కారణాలు చెప్పలేదు, అత్త మీద పెట్టలేదు, కన్నీళ్ళు పెట్టలేదు. "నిన్న ఆలస్యం నాది. బల్ల మళ్ళీ ఖాళీ అయితే నాకు చెప్పండి," అని వచ్చేసింది. మిగతా రోజుల్లో మిగతా గల్లీలు తిరిగింది. ప్రతి శనివారం మాత్రం ఆ దారినే వచ్చి, అతను బయట చాయ్ తాగే వేళకు కనబడి, ఒక నమస్తే పెట్టి, అతను తల అడ్డంగా ఊపితే తిరిగి వచ్చేది. అంతే, బతిమాలేది కాదు. దసరా పోయింది. నరహరి ఫోన్లో దీపావళికి వస్తున్నానన్నాడు, తిరుగు టిక్కెట్లు కూడా చేయించానన్నాడు. ఇద్దరు పెద్దలు, ఒక పిల్ల. ఆ ఇద్దరు పెద్దల్లో నర్సవ్వ లేదు.

దీపావళి ముందు శనివారం కాంతిభాయ్ తల అడ్డంగా ఊపలేదు. బల్ల దగ్గరి ఆవిడ పండక్కి ఊరికి పోయి, ఇక రానని కబురు చేసిందట. "లాభ్ పాంచమ్ నాడు తెరుస్తాం. సేఠ్ పూజ చేసి మొదటి మిషన్ ఆన్ చేస్తాడు. పూజకు ముందే ఉండాలి. ఈసారి ఆలస్యమైతే రావద్దు," అన్నాడు.

గుజరాతీ వ్యాపారులకు దీపావళి తర్వాత ఐదో రోజు లాభ్ పాంచమ్. మూసిన దుకాణాలు, కార్ఖానాలు ఆ రోజే ముహూర్తం చూసి తెరుస్తారు. అంత శుభదినాన, పూజ దగ్గర, మొగుడు పోయిన మనిషి నిలబడితే వాళ్ళు మాత్రం ఊరుకుంటారా? శకునాలు మన ఒక్కళ్ళ సొత్తేమీ కాదు. సంధ్యకూ ఆ భయం వచ్చింది. వచ్చిన భయాన్ని ఇంటికి మోసుకురాకుండా అక్కడే అడిగేసింది. "నా మొగుడు ఏప్రిల్‌లో పోయాడు. పూజ రోజు నేను వస్తే సేఠ్‌కు అభ్యంతరం ఉంటుందా?"

కాంతిభాయ్ ఆమెను ఒకసారి చూసి, "టీకా రెండు డోసులూ అయ్యాయా?" అన్నాడు.

"అయ్యాయి."

"అయితే అభ్యంతరం లేదు."

ఈ మాట చెప్పి సంధ్య నవ్వింది. ఏప్రిల్ తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

నరహరి దీపావళి ముందు రోజు దిగాడు. రైలు లాభ్ పాంచమ్ మర్నాడు. "ఒక్కదినం ముందుగాల పని దొరుకుతదా? దొరికినా నిలుస్తదా? సామాన్లు కట్టుకో చెల్లె," అన్నాడు. సంధ్య కట్టలేదు. నర్సవ్వ మాత్రం తన చీరలు నాలుగు సంచిలో పెట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే పెట్టుకుంది.

ఆ పొద్దున్న నేను కావాలనే వరండాలో నిలబడ్డాను. ఏడు కావస్తోంది. అయిదు రోజుల సెలవు తర్వాత సాంచాలు తెరిచే రోజు కాబట్టి గల్లీ నిండా మనుషులు. కొమురవ్వ ఎవరూ పిలవకుండానే బిందె పట్టుకొని నల్లా దగ్గర సిద్ధంగా ఉంది. "నాతోటే ఆలిశమైంది గదా ఆనాడు, గా పాపం నాకొద్దు," అంటూ ఈసారి అంచుదాకా నింపింది. బిక్షపతి డబ్బాతో గుమ్మంలో ఉన్నాడు. నరహరి బయట మంచం మీద చాయ్ తాగుతున్నాడు. సంధ్య చెప్పులు తొడుక్కుంది.

"అత్తమ్మా, పోతున్న," అంది లోపలికి చూసి.

నర్సవ్వ వంటింట్లోంచి బయటికి వచ్చింది. కోడలిని దాటుకొని గడప దిగింది. మోకాళ్ళ నొప్పులు, మెల్లగా నడుస్తూ నల్లా దాకా పోయింది.

"కొమురవ్వా, బిందె జర కింద వెట్టు," అంది.

"గదేంది నర్సక్కా?"

"నువ్వు జరుగు. నేనొస్త ఎదురు."

కొమురవ్వ బిందె దింపింది. నర్సవ్వ వెనక్కి తిరిగింది. బొట్టులేని నుదురు, గాజుల్లేని చేతులు, మాస్కు కూడా లేదు. కొంగు తలమీద సర్దుకొని, గల్లీ నడి మధ్యన, అందరూ చూస్తుండగా కోడలికి ఎదురు నడిచి వచ్చింది. మంచం మీద నరహరి చాయ్ గ్లాసు పట్టుకొని అలాగే ఉండిపోయాడు. ఒక కాలు బయట పెట్టిన బిక్షపతి అటు చూస్తే నర్సవ్వ, ఇటు చూస్తే సంధ్య. పెట్టిన కాలు వెనక్కి తీసుకొని లోపలికి పోయాడు.

"ఏందయ్యా, గల్లీల నీళ్ళన్ని నువ్వే తాగుతవా?" అని కొమురవ్వ అరిచింది. ఎవరో నవ్వారు.

సంధ్య గడప దగ్గరే నిలబడి ఉంది. నర్సవ్వ ఆమె దగ్గరికి వచ్చి, మాస్కు పైనుంచే చెంపలు నిమిరి, మెటికలు విరిచింది. "నడువ్ బిడ్డా. ఆటో పోతది," అంది.

కార్ఖానాలో జరిగింది సంధ్య చెప్పగా విన్నాను. పూజకు ముందే చేరింది. సేఠ్ కొబ్బరికాయ కొట్టాడు, అందరితో పాటు ఆమె చేతిలోనూ దూద్‌పేడా పెట్టాడు. కాంతిభాయ్ మూడు తాకాలు ఇచ్చాడు. మొదటిదానికి చాలాసేపు పట్టిందట, రెండోదానికి కళ్ళు అలవాటు పడ్డాయట. మూడోదాంట్లో అంచు దగ్గర ఒక నూనె మరక వదిలేసింది. అతను చూపిస్తే, "తప్పిపోయింది. అంచులు మళ్ళీ చూస్తాను," అని మొదటి రెండూ కూడా విప్పి అంచులు చూసింది. సాయంత్రం పోతున్నప్పుడు కాంతిభాయ్, "రేపు ఎనిమిదింటికి," అన్నాడు.

నరహరి కాసేపు గొణిగాడు. నెల తిరగకుండా తీసేస్తే ఏం చేస్తావన్నాడు. ఇంకో గల్లీ తిరుగుతానంది సంధ్య. మర్నాడు పొద్దున్న అతనొక్కడే సంచి సర్దుకున్నాడు. నర్సవ్వ సంచిలోని చీరలు తీసి మళ్ళీ దండెం మీద వేసింది.

అతను వెళ్ళకముందు, పని మొదటి రోజు సాయంత్రమే, వాళ్ళింట్లో అందరం చాయ్ తాగుతుంటే సంధ్య అడిగింది. "ఎందుకొచ్చినవు అత్తమ్మా? ఇరవై ఏండ్లు రాందానివి."

నర్సవ్వ చాయ్ చల్లార్చుకుంటూ అంది. "శకునం కోసం రాలే బిడ్డా. శ్యామ్ పోయెటప్పుడు మొకం చూస్కోలే. నీది గూడ చూడకుంట పంపుడు నాతోటి కాదు."

హారతి వచ్చి బిస్కెట్ అడిగితే ఇచ్చాం.

మర్నాడు పొద్దున్న బిక్షపతి పావుగంట ముందే డ్యూటీకి పోయాడు, ఇప్పటికీ అలాగే పోతున్నాడు. సాంచాకు ముందుగా వస్తున్నాడని సేఠ్ మెచ్చుకుంటున్నాడట. సంధ్య గడప దిగింది. నర్సవ్వ నల్లా దగ్గరి నుంచి ఎదురు నడిచి వచ్చి, ఆమెను దాటాక ఇంట్లోకి పోకుండా గల్లీలోనే నిలబడింది. మూల మీద ఆటో ఎక్కబోతూ సంధ్య వెనక్కి తిరిగి చూసింది. నర్సవ్వ అక్కడే ఉంది, చెయ్యెత్తింది.